గురక, నెత్తురు, పక్షవాతం

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. మనవాళ్ళు ఆ సామెతని ఇంకొంచెం సాగదీసి, గురక పెట్టేవాడే సుఖంగా నిద్రపోయేవాడని తీర్మానించేశారు. రైల్లో పై బెర్తు మీద ఒక పెద్దమనిషి గుర్రు పెడుతుంటే, "అదృష్టవంతుడండీ, ఇలా వాలితే అలా నిద్ర పట్టేస్తుంది" అని కింది బెర్తువాళ్ళు అసూయపడతారు. పెళ్ళివారి విడిదిలో గురక, నాటకంలో గురక, సినిమాలో గురక - అన్నీ హాస్యానికే. ఇక హాస్టలు సంగతి చెప్పనే అక్కర్లేదు. కుంభకర్ణుడి బిరుదు పొందినవాడు ఒక్కడైనా లేని బ్లాకు ఏ యూనివర్సిటీలోనూ ఉండదు కాబోలు!

నవ్వుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వి ఊరుకోవడం మీదే అభ్యంతరం. అన్ని గురకలూ ఒకటి కావు. సాగుతూ సాగుతూ హఠాత్తుగా ఆగిపోయి, కాసేపు నిశ్శబ్దమై, మళ్ళీ ఉక్కిరిబిక్కిరై మొదలయ్యే గురక ఒకటుంది. దాన్ని డాక్టర్లు స్లీప్ ఏప్నియా అంటారు. ఏప్నియా అంటే శ్వాస ఆగడం. ఆ ఆగిన శ్వాస గొంతుతో పోదు. నెత్తురుని తాకుతుంది, రక్తనాళాల్ని తాకుతుంది, చివరికి మెదడు దాకా వెళ్ళి మనిషిని పక్షవాతంతో పడగొట్టగలదు.

నా వాదం ఒక్కటే. గొంతు, నెత్తురు, మెదడు - ఈ మూడింటినీ మనం మూడు వేరు వేరు జబ్బుల చోట్లుగా చూస్తున్నాం. మూడు గదుల్లో ముగ్గురు డాక్టర్లకి చూపిస్తున్నాం. ఆ మూడు గదుల్నీ కలిపే ప్రశ్న మాత్రం - "నిద్రలో మీ శ్వాస ఆగుతోందా?" అన్న చిన్న ప్రశ్న - చాలాచోట్ల ఎవరూ అడగడం లేదు. అడగని ఆ ప్రశ్నకి మూల్యం చెల్లిస్తున్నది మన తండ్రులూ, మేనమామలూ, మన మేష్టర్లూ. రేపు మనమూను.

రాత్రి గొంతులో జరిగేది

మెలకువగా ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగువుగా ఉండి గాలిదారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. నాలుక వెనక్కి జారుతుంది, కొండనాలుక వాలుతుంది. దారి ఇరుకై గాలి ఒరుసుకుంటూ పోతే వచ్చే అదురే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే గురక కూడా ఉండదు. ఛాతీ, పొట్టా ఎగసిపడుతూనే ఉంటాయి గాని గాలి లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కొక్కప్పుడు నిమిషం కూడా దాటుతుంది. నెత్తురులో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి నిద్రని ఒక్క క్షణం చెడగొడుతుంది. పెద్ద చప్పుడుతో గాలి పీల్చి మనిషి మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లవారాక ఇందులో ఒక్క ముక్క గుర్తుండదు. సాక్షులు పక్కన పడుకున్నవాళ్ళే. (గొంతు తెరిచే ఉన్నా మెదడు నుంచి ఊపిరి తీయమనే ఆజ్ఞ రాక శ్వాస ఆగే రకం కూడా ఒకటుంది. అది తక్కువ.)

కనీసం పది సెకన్లపాటు శ్వాస ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరిగితే డాక్టర్లు దాన్ని ఒకటిగా లెక్కపెడతారు. పెద్దవాళ్ళలో గంటకి 5 లోపయితే మామూలు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రం. గంటకి 30 అంటే ఏడు గంటల నిద్రలో 210 సార్లు! ఒక మనిషిని రాత్రికి 210 సార్లు గొంతు నొక్కి వదిలితే దాన్ని హత్యాయత్నం అంటాం. గొంతు తనంతట తానే నొక్కుకుంటే గాఢనిద్ర అంటున్నాం!

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే వింత జబ్బనుకుంటే పొరపాటే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర ఉద్యోగుల మీద చేసిన పరిశోధన 1993లో వెలువడింది. 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసున్న మగవాళ్ళలో 24 శాతానికి, ఆడవాళ్ళలో 9 శాతానికి గంటకి ఐదు అంతకుమించి శ్వాస అంతరాయాలున్నాయని తేలింది. దానితోపాటు పగటి నిద్రమత్తు కూడా ఉన్నవాళ్ళు మగవాళ్ళలో 4 శాతం, ఆడవాళ్ళలో 2 శాతం. వాళ్ళు ఆస్పత్రికి వచ్చిన రోగులు కారు. రోజూ ఆఫీసుకి వెళ్ళివచ్చే మామూలు మనుషులు.

పిక్విక్ కుర్రవాడు, పేకాట పెద్దమనిషి

ఇంగ్లీషు సాహిత్యం చదివే మిత్రులకి చార్లెస్ డికెన్స్ 1836-37లో రాసిన "పిక్విక్ పేపర్స్" తెలిసే ఉంటుంది. అందులో జో అనే లావుపాటి, ఎర్రటి ముఖం కుర్రవాడు ఉంటాడు. తలుపు కొడుతూ కొడుతూ నిలువునా నిద్రపోగల ఘనుడు. పాఠకులు నూటపాతికేళ్ళపాటు వాడిని చూసి నవ్వుకున్నారు.

1956లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు బర్వెల్, మరి ముగ్గురూ కలిసి ఒక రోగి కథ ప్రచురించారు. ఆయన 51 ఏళ్ళ వ్యాపారస్తుడు, బరువు దగ్గర దగ్గర 120 కిలోలు. వారం వారం పేకాట ఆడే అలవాటు. ఒకరోజు మూడు ఆసులూ రెండు రాజులూ చేతికొచ్చాయి. ఆటగాడి జన్మకి అంతకన్నా ఏం కావాలి? కాని ఆ ముక్కలు చేతిలో పెట్టుకునే ఆయన నిద్రపోయాడు. పందెం పోయింది. తర్వాత ఆస్పత్రిలో చేరాడు. డాక్టర్లకి డికెన్స్ కుర్రవాడు గుర్తొచ్చి ఆ జబ్బుకి పిక్వికియన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

మన విషయానికి అసలు ముఖ్యమైనది ఆ పేరు కాదు, వాళ్ళు రాసిన లక్షణాల జాబితా. నిద్రమత్తు, నీలంబారిన చర్మం, గుండె కుడిభాగం అలసిపోవడం - వీటితోపాటు ఎర్రకణాలు అతిగా పెరిగి నెత్తురు చిక్కబడటం కూడా ఉంది. అంటే శ్వాసకీ, నిద్రకీ, నెత్తురుకీ ఉన్న చుట్టరికం మొట్టమొదటి కథలోనే కనపడింది. కాని నిద్రలో శ్వాస ఆగిపోతుందన్న సంగతి వాళ్ళకింకా తెలియదు. పగటిపూట పరీక్షించే డాక్టరుకి రాత్రి సంగతి ఎలా తెలుస్తుంది? 1965లో ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ ఇలాంటి రోగుల్ని రాత్రంతా యంత్రాలకి కట్టి గమనించాకే ఆ గుట్టు బయటపడింది. 1976లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన గీమినో బృందం స్లీప్ ఏప్నియా అన్న పేరుని స్థిరపరిచింది. నూట నలభై ఏళ్ళ నవ్వు అలా వైద్యశాస్త్రంలో ఒక అధ్యాయమైంది.

నెత్తురు ఎందుకు చిక్కబడుతుంది?

మన మూత్రపిండాలు నీరు వడపోసి ఊరుకోవు. నెత్తురులో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టి చూస్తుంటాయి. తగ్గిందనిపిస్తే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోనుని వదులుతాయి. అది ఎముకల్లోని మూలుగకి చేరి, "ఎర్రకణాల్ని ఇంకా తయారు చెయ్యి" అని ఉత్తరువు ఇస్తుంది. ఎత్తయిన కొండల మీద కాపురముండే వాళ్ళలో చాలామందికి ఎర్రకణాలు ఎక్కువగా ఉండేది ఇందుకే. కణాలు ఆక్సిజన్ కొరతని ఎలా పసిగడతాయో వివరించినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగే మనిషి, మంచం మీద పడుకునే రాత్రంతా కొండలెక్కి దిగుతున్నాడన్నమాట. శరీరం తనకి తెలిసిన ఉపాయం తాను చేస్తుంది. ఎర్రకణాలు పెరిగితే ఆక్సిజన్ మోసే కూలీలు పెరిగినట్టే. కాని అతిగా పెరిగితే నెత్తురు చిక్కబడి, నడక మందగించి, గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది.

చిక్కటి నెత్తురు ఎంత ప్రమాదమో ఇంకో జబ్బు ద్వారా బాగా తెలుస్తుంది. పాలిసైథీమియా వీరా అనేది మూలుగలోనే పుట్టే జబ్బు. ఎవరి ఉత్తరువూ లేకుండానే అది ఎర్రకణాల్ని తయారు చేస్తూ పోతుంది. ఇటలీ డాక్టర్లు ఆ జబ్బున్న 365 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టులో నెత్తురులో కణాల పాలుని 45 శాతం లోపు ఉంచారు. రెండో జట్టులో 45 నుంచి 50 దాకా వదిలారు. 2013లో ఫలితం చెప్పారు: గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం, నెత్తురు గడ్డలతో పెద్ద ప్రమాదం రావడం మొదటి జట్టులో 2.7 శాతం, రెండో జట్టులో 9.8 శాతం. చూడటానికి కొద్దిపాటి తేడా, ప్రాణాల దగ్గరికొచ్చేసరికి ఇంత తేడా.

అయితే ఇక్కడ అతిశయోక్తికి పోకూడదు. గురక పెట్టే ప్రతివాడి నెత్తురూ చిక్కబడదు. మామూలు స్లీప్ ఏప్నియాలో ఎర్రకణాలు కొద్దిగా పెరిగితే పెరుగుతాయి, చాలామందిలో హద్దు దాటవు. బోస్టన్ వ్యాపారస్తుడిలా స్థూలకాయం వల్ల రాత్రింబగళ్ళు శ్వాస చాలనివాళ్ళలో, గంటల తరబడి ఆక్సిజన్ తక్కువగా ఉండేవాళ్ళలో బాగా పెరుగుతాయి. అలాగని మిగిలినవాళ్ళ నెత్తురు నిశ్చింతగా ఉందనీ కాదు. ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే గడ్డకట్టడానికి పనికివచ్చే ప్లేట్‌లెట్లు ఉద్రేకపడతాయి, ఫైబ్రినోజెన్ అనే పదార్థం పెరుగుతుంది, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఇవేవీ మామూలు రక్తపరీక్ష కాగితంలో కనపడవు.

మన దేశంలో దీనికి ఇంకో చిక్కుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంది. ఇలాంటి చోట హీమోగ్లోబిన్ తక్కువైతేనే జబ్బు, ఎక్కువైతే పుష్టి! మగవాడికి 18 వచ్చిందంటే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. నెత్తురు పుష్కలంగా ఉందని ల్యాబు కుర్రవాడు కూడా మెచ్చుకుంటాడు. మగవాళ్ళలో 16.5, ఆడవాళ్ళలో 16 దాటితే ఎందుకు దాటిందో ఆలోచించాలని వైద్యశాస్త్రం చెబుతోంది. మూలుగలో పుట్టిన జబ్బా కాదా తేల్చడానికి ఇప్పుడు జాక్-2 అనే జన్యుపరీక్ష ఉంది. పాలిసైథీమియా వీరా ఉన్నవాళ్ళలో సుమారు 95 శాతం మందిలో కనపడే ఆ జన్యుమార్పుని 2005లో కనుక్కున్నారు. అది కాదని తేలితే సిగరెట్లవైపు, ఊపిరితిత్తులవైపు, మూత్రపిండాలవైపు చూడాలి. వాటితోపాటు రాత్రి నిద్రవైపు కూడా చూడాలి. ఆ చివరి మాటే మనం మరిచిపోతున్నాం.

మెదడు దాకా వెళ్ళే దారులు

శ్వాస ఆగిన ప్రతిసారీ శరీరం దాన్ని ప్రాణాపాయంగానే భావిస్తుంది. రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆరోగ్యవంతుడికి రాత్రి పదో ఇరవయ్యో శాతం తగ్గవలసిన రక్తపోటు ఇతనికి తగ్గదు, పైగా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే పగటి బి.పి. కూడా పెరుగుతుంది. మూడేసి మందులు మింగినా దిగని బి.పి. వెనుక తరచు ఈ జబ్బే దాగి ఉంటుంది. గుండె లయ తప్పి కొట్టుకోవడం ఎక్కువవుతుంది. లయ తప్పిన గుండెలో నెత్తురు నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడు రక్తనాళంలో ఇరుక్కుంటే పక్షవాతమే. బి.పి., లయ తప్పిన గుండె, గడ్డకట్టే నెత్తురు - ఒకే ఇంటి మీదికి మూడువైపుల నుంచీ దొంగలు పడ్డట్టు!

అంకెలు చూద్దాం. 2005లో అమెరికాలోని యేల్ డాక్టర్లు 1022 మంది వివరాలు ప్రచురించారు. వయసు, బి.పి., చక్కెర వ్యాధి వంటివన్నీ లెక్కలో తీసేశాక కూడా, స్లీప్ ఏప్నియా ఉన్నవాళ్ళకి పక్షవాతమో మరణమో సంభవించే అవకాశం లేనివాళ్ళకన్నా దాదాపు రెట్టింపు ఉంది. 2010లో 5422 మందిని సుమారు తొమ్మిదేళ్ళు గమనించిన ఇంకో పరిశోధన వచ్చింది. మగవాళ్ళలో గంటకి 19 సార్లకి మించి అంతరాయం ఉన్నవాళ్ళకి పక్షవాతం ముప్పు, అతి తక్కువ అంతరాయాలున్న వాళ్ళతో పోలిస్తే, దాదాపు మూడింతలని అందులో తేలింది. ఇక పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని పరీక్షిస్తే సగంకన్నా ఎక్కువ మందిలో స్లీప్ ఏప్నియా కనపడుతోంది. కొందరికి ముందే ఉంది, కొందరికి పక్షవాతం వల్ల గొంతు కండరాలు చచ్చుబడి వచ్చింది. ఎటు నుంచి మొదలైనా రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

ఇంకో సంగతి. పక్షవాతాల్లో సుమారు ఐదింట ఒకటి మనిషి నిద్రలేచేసరికి వచ్చి ఉంటుంది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పదింటికి పడుకున్న మనిషి ఆరింటికి లేచి చెయ్యి ఎత్తలేకపోతే, ఆ నాలుగున్నర గంటలు ఎప్పుడు మొదలయ్యాయని చెప్పగలం? పెద్ద ఆస్పత్రుల్లో స్కానింగుల సాయంతో కొంత తేలుస్తారు. జిల్లా కేంద్రానికే రెండు గంటల ప్రయాణమున్న పల్లెటూరి వాడి గతేమిటి?

మా బంధువుల్లో ఒక పెద్దాయన కథ ఇక్కడ చెప్పాలి. పదేళ్ళుగా బి.పి. ఉంది, మందులు పెరుగుతూ వచ్చాయి గాని తగ్గలేదు. హీమోగ్లోబిన్ 18 దాటింది. ఒక ఆస్పత్రిలో రెండుసార్లు నెత్తురు తీసేశారు. మరో ఏడాదికి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. బి.పి. డాక్టరు, రక్తం డాక్టరు, మెదడు డాక్టరు - ముగ్గురూ చదువుకున్నవాళ్ళే, ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేసినవాళ్ళే. ఆఖరికి కాలూ చెయ్యీ ఆడించే వ్యాయామం నేర్పడానికి వచ్చినతను మాటల సందర్భంలో, "అమ్మా, ఈయన రాత్రి ఎలా నిద్రపోతారు?" అని అడిగాడు. ఆవిడ, "గురక ఆగిపోతుంది నాయనా, నేను తట్టి లేపుతాను, ఇరవై ఏళ్ళుగా లేపుతూనే ఉన్నాను" అంది. ఇరవై ఏళ్ళు! ఆ సాక్షి ప్రతి ఆస్పత్రికీ వెంట వచ్చింది. ప్రతి ఆస్పత్రిలోనూ గది బయట బెంచీ మీద, చేతిలో ఫైలు పట్టుకుని కూచుంది. ఆ పెద్దాయనకి పక్షవాతం కేవలం దీనివల్లే వచ్చిందని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. ఏ డాక్టరూ చెప్పలేడు. కాని అడగవలసిన ప్రశ్న ఒకటి ఇరవై ఏళ్ళు బయట బెంచీ మీదే ఉండిపోయిందన్నది మాత్రం నిజం.

ఏజెన్సీ బిడ్డల సంగతి

నెత్తురు జబ్బంటే చిక్కబడటం ఒక్కటే కాదు. సికిల్ సెల్ ఎనీమియా ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషమున్న జన్యువు వచ్చిన పిల్లల్లో, ఆక్సిజన్ తగ్గగానే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని నొప్పులు వస్తాయి. పసివయసులోనే పక్షవాతం రావచ్చు. ఆదిలాబాద్ గోండుల్లోనూ, గోదావరి లోయ కోయల్లోనూ ఇది ఉంది.

ఆక్సిజన్ తగ్గితే వంగే కణాలున్న బిడ్డకి రాత్రిపూట టాన్సిల్స్ అడ్డుపడి శ్వాస ఆగుతుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? 2001లో లండన్ డాక్టర్లు, రాత్రి ఆక్సిజన్ తక్కువగా ఉన్న సికిల్ సెల్ పిల్లల్లో పక్షవాతం వంటి మెదడు ప్రమాదాలు ఎక్కువని చూపించారు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు, నిజమే. కాని 2014లో 243 మంది సికిల్ సెల్ పిల్లల్ని పరీక్షిస్తే, పిల్లలకి వాడే కొలతల ప్రకారం 41 శాతం మందిలో ఎంతో కొంత స్లీప్ ఏప్నియా కనపడింది. అదేమీ చిన్న అంకె కాదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ళ లోపు వాళ్ళని ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం. మంచిదే. గూడేనికి వెళ్ళి, వేలు గుచ్చి, నెత్తుటి చుక్క తీసి, కార్డు చేతిలో పెడుతున్నారు. జబ్బు ఉందని తేలిన బిడ్డ తల్లిని అప్పుడే ఇంకో మాట అడిగితే ఏం పోయింది? "అమ్మా, బిడ్డ రాత్రి గురక పెడుతుందా? నోరు తెరిచి ఊపిరి తీస్తుందా?" దీనికి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ తల్లి భాషలో రెండు మాటలు వస్తే చాలు.

ఎదుటివాళ్ళ మాట

వైద్యం తెలిసిన మిత్రులు ఇక్కడ నన్ను నిలదీయవచ్చు. "గొంతు మూసుకుపోకుండా గాలి ఊదే సి-ప్యాప్ యంత్రం ఉంది గదా! అది పెడితే పక్షవాతాలు తగ్గాలి. తగ్గాయా?" అని. న్యాయమైన ప్రశ్న. ఆ యంత్రాన్ని 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ లోకానికి పరిచయం చేశాడు. అంతకు ముందు తీవ్రమైన రోగికి గొంతు ముందు రంధ్రం చేసి గొట్టం పెట్టడమే గతి. కాబట్టి అది గొప్ప మేలే. కాని 2016లో సేవ్ అనే పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. మన దేశంతో సహా ఏడు దేశాల్లో, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2717 మందిని సుమారు నాలుగేళ్ళు చూశారు. యంత్రం పెట్టినవాళ్ళలోనూ పెట్టనివాళ్ళలోనూ కొత్తగా వచ్చిన ప్రమాదాలు ఇంచుమించు సమానమే.

దీన్ని దాచిపెట్టడం శాస్త్రం కాదు. అలాగే దీన్ని పట్టుకుని "గురక గొడవంతా ఒట్టిదే" అనడం కూడా శాస్త్రం కాదు. యంత్రం ఇచ్చినవాళ్ళు దాన్ని రాత్రికి సగటున 3.3 గంటలే వాడారు. ఏడు గంటల నిద్రలో సగం కూడా కాదు. సగం మాత్ర మింగి జబ్బు తగ్గలేదంటే ఎలా? నాలుగు గంటలకి మించి వాడినవాళ్ళలో పక్షవాతాలు తక్కువగా కనపడ్డాయి. అయితే శ్రద్ధగా యంత్రం వాడేవాడు మందులూ శ్రద్ధగానే వాడతాడు కాబట్టి ఆ ఘనత అంతా యంత్రానిదే అనలేం. పైగా వాళ్ళంతా అప్పటికే ఒకసారి దెబ్బతిన్నవాళ్ళు. దెబ్బ తగలకముందే కనిపెడితే ఏమవుతుందన్న ప్రశ్నకి సేవ్ జవాబు చెప్పలేదు. యంత్రం వల్ల పగటి నిద్రమత్తు తగ్గుతుంది, బి.పి. కొంత దిగుతుంది. బరువు తగ్గితే జబ్బే తగ్గుముఖం పడుతుంది. రాత్రి మందు కొట్టడం, డాక్టరు చెప్పకుండా నిద్రమాత్రలు మింగడం గొంతుని ఇంకా సడలిస్తాయి, అవి మానాలి. ఈ మాత్రం చెప్పడానికి కొత్త పరిశోధన ఏదీ రానక్కర్లేదు.

కాబట్టి నేను అడిగేది అందరికీ యంత్రాలు పంచమని కాదు. అందర్నీ ప్రశ్న అడగమని.

మనం చేయగలిగింది

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీలహరి 69వ ఏట ముంబయిలో పోయినప్పుడు, డాక్టర్లు చెప్పిన కారణం స్లీప్ ఏప్నియా. "సింహాసనం" పాటలకీ, "గ్యాంగ్ లీడర్" పాటలకీ చిందులేసిన మనవాళ్ళు ఆ వార్త చదివి, "గురకతో కూడా పోతారా!" అని ఒకరోజు ఆశ్చర్యపడ్డారు. మర్నాటికి మరిచిపోయారు. ఒకరోజు ఆశ్చర్యంతో ఏ జబ్బూ లొంగదు.

ప్రభుత్వాన్ని అడగవలసింది ప్రభుత్వాన్ని అడుగుదాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి. చూసే ప్రతి మనిషినీ గురక గురించి అడగాలి. పక్షవాతం వార్డులో చేరిన ప్రతి రోగి భార్యనో, బిడ్డనో పిలిచి రాత్రి సంగతి రాసుకోవాలి. హీమోగ్లోబిన్ హద్దు దాటిన చీటీ మీద "నిద్ర సంగతి విచారించండి" అని ఒక ముక్క ఉండాలి. వీటికి బడ్జెటు అక్కర్లేదు, బుద్ధి పుడితే చాలు. పరీక్ష ఖర్చు మాత్రం బీదవాడికి అందుబాటులోకి తేవలసిందే. అది ప్రభుత్వం వంతు.

మన వంతు కూడా ఉంది. 2008లో టొరాంటోలోని మత్తు డాక్టర్లు ఎనిమిది ప్రశ్నలు తయారుచేశారు. గట్టిగా గురక పెడతారా? పగలంతా అలసటగా ఉంటుందా? నిద్రలో శ్వాస ఆగడం ఎవరైనా చూశారా? బి.పి. ఉందా? బాగా లావా? వయసు యాభై దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకి మించిందా? మగవారా? మూడింటికి "అవును" అని జవాబొస్తే డాక్టరుకి చెప్పుకోవడం మంచిది. ఆపరేషనుకి ముందు అడగడానికి పుట్టిన ప్రశ్నలివి. మన ఇళ్ళల్లో అడగడానికి కూడా చక్కగా సరిపోతాయి.

కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సిమీటరు చాలా ఇళ్ళల్లో ఉంది. మెలకువగా ఉన్నప్పుడు అందులో 98 చూసి ధైర్యపడవద్దు. శ్వాస ఆగేది నిద్రలో గాని మెలకువలో కాదు. దానికన్నా సెల్‌ఫోనులో రెండు నిమిషాలు ఆ గురక, ఆ నిశ్శబ్దం, ఆ ఉక్కిరిబిక్కిరి పట్టి డాక్టరుకి చూపిస్తే ఎక్కువ ఉపయోగం.

ఆడపిల్లల గురించీ, తల్లుల గురించీ ఒక మాట. మగవాడి గురక మన ఇళ్ళల్లో హాస్యం, ఆడదాని గురక అవమానం. అందుకే అమ్మలు చెప్పరు. ముట్లుడిగాక ఆడవాళ్ళలో ఈ జబ్బు బాగా పెరుగుతుంది, అయినా నోరు విప్పరు. పిల్లలే అడగాలి, సిగ్గు పోగొట్టాలి. అలాగే మధ్యాహ్నం క్లాసులో రోజూ తూగే కుర్రవాడిని అధ్యాపకులు బయటికి పంపేముందు ఒక్కసారి, "రాత్రి నిద్ర ఎలా ఉంటోంది?" అని అడిగితే బాగుంటుంది. పది మందిలో తొమ్మిది మంది సెకండ్ షో చూసినవాళ్ళే కావచ్చు. ఆ పదోవాడి కోసం అడగాలి.

ఈ సంచిక చేతికందేసరికి పరీక్షలై మనం ఇళ్ళకి వెళతాం. పూర్వ విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి నాలుగు రోజులు తల్లిదండ్రుల దగ్గర ఉంటారు. ఎండాకాలం, డాబా మీద వరసగా పక్కలు వేసుకునే రోజులు. ఒక రాత్రి కాసేపు మెలకువగా ఉండి నాన్న గురక వినండి. అది సాగుతున్నంతసేపూ సరే. ఆగితే మాత్రం అంకెలు లెక్కపెట్టండి. పది దాటితే, మర్నాడు పొద్దున్నే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు అమ్మని కూడా వెంట తీసుకెళ్ళండి. ఈసారి ఆవిడని బయట బెంచీ మీద కూచోబెట్టకండి.